సూట్‌కేసులో గునుగుపూలు

జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి, సిరిసిల్ల దిక్కు ఊళ్లలో బీడీల చాట ఒళ్లో పెట్టుకొని రేడియో వింటున్న అక్కాచెల్లెళ్లారా, ఇవాళ్టి ముచ్చట ముఖ్యంగా మీకోసమే.

గునుగుపువ్వుకు ఒక గుణం ఉంది. కోసి నీడన ఆరబెడితే వాడదు, రాలదు. రంగు కొంచెం తగ్గుతుందేమో గానీ పువ్వు పువ్వులాగే నిలుస్తుంది. తంగేడు అట్లా కాదు, పొద్దున తెంపితే మాపటికి మెత్తబడుతుంది. చిన్నప్పటి నుంచి బతుకమ్మ పేర్చిన చేతులే అయినా, ఈ తేడా విలువ నాకు దుబాయి పోయినాకనే తెలిసింది. 2007లో సెలవు ముగించుకొని తిరిగిపోతుంటే మా అత్తమ్మ పాత పేపరులో చుట్టిన గునుగు కట్ట తెచ్చి సూట్‌కేసులో చీరల మడతల నడుమ పెట్టింది. "ఆడ తంగేడు దొరకదట గదా, ఇదన్న ఉండనీ" అన్నది.

ఆ ఏడు సద్దుల బతుకమ్మ నాడు ఒక చిన్న ఫ్లాటు హాలులో ఏడుగురం ఆడవాళ్లం చేరాం. సోఫా లేపి గోడకు ఆనించాం. స్టీలు తాంబాళంలో బజారులో కొన్న చామంతులు, గులాబీలు, ఆకుల కోసం కొత్తిమీర కట్టలు. శిఖరాన మా అత్తమ్మ గునుగు. పక్క ఫ్లాటు వాళ్లు ఏమనుకుంటారో అని చప్పట్లు కూడా మెల్లగా కొట్టుకుంటూ తిరిగాం. పాట అయిపోయినాక ఎవ్వరూ ఇంటికి పోతామనలేదు. సత్తుపిండి తింటూ రాత్రి పన్నెండింటి దాకా కూర్చున్నాం. అందులో ఒకామె పెళ్లయి వచ్చిన ఎనిమిది నెలల్లో ఆ రోజే మొదటిసారి ఇంటి బయటి మనిషితో తెలుగులో మాట్లాడిందట. చెప్పి ఏడ్చింది. మా సంఘం పుట్టింది ఆ రాత్రే. చాలా రోజుల దాకా దానికి పేరు కూడా లేదు.

పరాయి గడ్డ మీద ఆడవాళ్ల సంఘాలు ఎట్లా మొదలయ్యాయని చూస్తే, దాదాపు అన్నీ ఇట్లాగే మొదలైనట్టు కనపడతాయి. సేవ, దానధర్మం తర్వాత వస్తాయి. ముందు ఉండేది ఒంటరితనం. భర్త పొద్దున పనికి పోతాడు, నాలుగు గోడల మధ్య ఒక మనిషి మిగులుతుంది. ఆ మనిషికి ఇంకొక మనిషి కావాలి. యూరపు నగరాల్లో కాపురమున్న అమెరికా ఆడవాళ్ల క్లబ్బులు కొన్ని కలిసి 1931లో లండన్‌లో ఒక సమాఖ్యగా ఏర్పడ్డాయి. టీ తాగడానికి, సొంత భాషలో నాలుగు మాటలు చెప్పుకోవడానికి కలిసినవాళ్లే తర్వాత విరాళాలు పోగుచేసి బీద పిల్లల చదువులకు, శరణార్థులకు సాయం చేసేదాకా వచ్చారు. అది ఇప్పటికీ నడుస్తున్నది.

గల్ఫులో మనవాళ్లు పెట్టుకున్న పాత సంఘాలలో బహ్రెయిన్ ఇండియన్ లేడీస్ అసోసియేషన్ ఒకటి. 1956లో మొదలైంది. ఆ ఏడాది ఎట్లాంటిదో ఒక్కసారి ఊహించండి. బహ్రెయిన్‌లో అప్పటికి చమురు బయటపడి ఇరవై నాలుగేళ్లు. అక్కడ ఇంకా మన రూపాయే చెల్లుబాటు అవుతుండేది, బహ్రెయిన్ దినార్ వచ్చింది 1965లో. చమురు కంపెనీల్లో, బ్యాంకుల్లో, దుకాణాల్లో గుమాస్తాలుగా, లెక్కలు రాసేవాళ్లుగా పోయిన మనదేశపు మగవాళ్ల ఇళ్ల ఆడవాళ్లు కలిసి పెట్టుకున్న సంఘం అది. ఇప్పుడు ఎదుగుదలలో వెనకబడ్డ పిల్లల కోసం 'స్నేహ' అని ఒక కేంద్రం నడుపుతున్నది. కూలీల క్యాంపులకు పోయి సాయం చేస్తున్నది. 1956లో మన కోరుట్ల మనిషి ఆ దిక్కు ఇంకా పోలేదు. మన మొగోళ్లు అప్పుడు బొంబాయిలో ఉన్నారు, భివండి మగ్గాల మీద ఉన్నారు, షోలాపూర్‌లో ఉన్నారు.

తెలుగు ఆడవాళ్ల సంగతికి వస్తే నేను మొదట తలచుకునేది మద్రాసును. ఆ ఊళ్లో సంఘం పెట్టిన దుర్గాబాయి రాజమండ్రిలో పుట్టిన మనిషి. ఉప్పు సత్యాగ్రహంలో జైలుకు పోయింది. జైలులో అక్షరం ముక్క రాని ఆడఖైదీలను చూసింది. తాము చేసిన నేరమేందో, పడిన శిక్షేందో కూడా సరిగ్గా తెలియని ఆడవాళ్లు. బయటికి వచ్చి తాను చదువు పట్టింది, వకీలు అయింది. ఆ మధ్యలోనే మద్రాసులో పిల్లలను పోగుచేసి 'లిటిల్ లేడీస్ ఆఫ్ బృందావన్' అని ఆటపాటల సంఘం పెట్టింది. ఆ పిల్లల వెంబడి తల్లులు వచ్చారు. 1937లో అది ఆంధ్ర మహిళా సభ అయింది. మద్రాసులో కాపురమున్న తెలుగు ఇల్లాళ్లకు కుట్టుపని, హిందీ నేర్పడం ఒక పని. చిన్నప్పుడు చదువు ఆగిపోయిన వాళ్లను, భర్త పోయిన వాళ్లను కూర్చోబెట్టి బెనారస్ మెట్రిక్యులేషన్ పరీక్షకు తయారు చేయడం ఇంకొక పని. ఈ రెండో పనే నన్ను కదిలిస్తుంది. పదేళ్లు బడి తిరిగే ఓపిక, వయసు లేని ఆడమనిషికి రెండేళ్లలో చదువు దగ్గరికి తెచ్చిపెట్టారు. తర్వాత ఆమె 1953లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డుకు తొలి అధ్యక్షురాలైనాక ఈ పద్ధతే దేశమంతటికీ పోయింది. సభ హైదరాబాదుకూ వచ్చింది. విద్యానగర్ దిక్కు పోయినవాళ్లు దుర్గాబాయి పేరుతో ఉన్న ఆసుపత్రి చూసే ఉంటారు.

మద్రాసు దాకా ఎందుకు, మన సిరిసిల్లకే రండి. 1935లో సిరిసిల్లలో ఆంధ్ర మహాసభ జరిగింది. నిజాం రాజ్యంలో తెలుగువాళ్లు పెట్టుకున్న మహాసభ అది, ఆ సారి అధ్యక్షుడు మాడపాటి హనుమంతరావు. దానితోపాటే ఆడవాళ్ల సభ జరిగింది. దానికి మాడపాటి మాణిక్యమ్మ అధ్యక్షత వహించింది. 1930లో జోగిపేటలో నడింపల్లి సుందరమ్మ అధ్యక్షతన మొదలైన వరుసలో అది నాలుగోది. బాల్యవివాహాలు వద్దు, ఆడపిల్లకు చదువు కావాలి అని వేదికెక్కి మాట్లాడారు. ఆ రోజుల్లో సర్కారు కొలువులకు, కచేరీలకు ఉర్దూ కావాలి. తెలుగులో మాట్లాడితే సభల్లో ఎగతాళి చేసేవాళ్లు. తెలుగు మీడియంలో ఆడపిల్లలకు ఉన్నత పాఠశాల కావాలని మాడపాటివారు 1928లో హైదరాబాదులో బడి పెట్టాల్సి వచ్చింది. అంటే పుట్టిన ఊళ్లో ఉండి కూడా పరాయిగా బతికిన వాళ్లు వాళ్లు. ప్రవాసం అంటే విమానం ఎక్కడమే కాదని నాకు అనిపించేది ఈ సంగతి తలచుకున్నప్పుడే.

ఇప్పుడు మన ఇంటి ముచ్చటకు వస్తాను. బొగ్గుబాయి, బొంబాయి, దుబాయి అని మన దగ్గర ఒక మాట ఉంది. మూడు ముక్కల్లో మన చరిత్రంతా ఉంది అందులో. 1973లో చమురు ధరలు పెరిగి గల్ఫ్ దేశాల్లో కట్టడాలు లేచినప్పుడు, బోర్లు ఎండిన చోటి నుంచి, మగ్గం ఆగిన చోటి నుంచి మనవాళ్లు పోవడం మొదలుపెట్టారు. పోయింది మొగోళ్లు. ఆడవాళ్లు ఎందుకు పోలేదో తెలుసా? మనసు లేక కాదు, కానూను ఒప్పుకోక. ఎమిరేట్స్‌లో భార్యను తెచ్చుకోవాలంటే ఇప్పుడైనా నెలకు నాలుగు వేల దిర్హమ్‌ల జీతం ఉండాలి, లేదా మూడు వేలు ఉండి కంపెనీ ఇల్లు ఇవ్వాలి. వెయ్యి, పన్నెండు వందల దిర్హమ్‌లకు ఇనుప సలాకలు వంచే మనిషి ఆ గీత ఎప్పటికి దాటుతాడు? ఆడమనిషి తానే పనికి పోదామంటే, పదో తరగతి పాస్ కాని వాళ్లకు ముప్ఫై ఏళ్లు నిండితే తప్ప మన సర్కారు అనుమతి ఇవ్వదు. ఆ వయసు దాటి కువైట్‌కు ఖద్దామాలుగా, అంటే ఇంటిపనికి, ఎక్కువగా పోయింది కడప దిక్కు, గోదావరి దిక్కు అక్కలు. మన దిక్కు ఆడవాళ్లు ఇంటి దగ్గర బీడీలు చుట్టుకుంటూ ఉండిపోయారు.

కాబట్టి గల్ఫులో మన ఆడవాళ్ల సంఘం అంటే, ఆ గీత దాటిన జీతగాళ్ల భార్యల సంఘమే. నేనూ అందులో దాన్నే. మా ఆయన ఒక కంపెనీలో లెక్కలు రాసేవాడు. ఈ సంగతి దాచకుండా చెప్పుకుంటేనే తర్వాతి సంగతి అర్థమవుతుంది.

మా ఏడుగురం మూడేళ్లలో నలభై మందిమయ్యాం. ఎవరింట్లో పురుడైతే వాళ్లింటికి వారం రోజులు వంతులవారీగా వంట పంపేవాళ్లం. అక్కడ తల్లి లేదు, అత్త లేదు, కారం పొడి వేసి అన్నం కలిపి పెట్టే చెయ్యి లేదు. ఆ చెయ్యి మేమే అయ్యాం. ఆ తర్వాత క్యాంపుల దిక్కు చూశాం. అక్కడ చందాలు పోగుచేయడం మనూళ్లో వినాయకుడి చందా లాంటిది కాదు. అనుమతి లేకుండా విరాళాలు అడగొద్దని దుబాయి సర్కారు 2015లో గట్టి ఉత్తర్వు తెచ్చింది. అంతకు ముందు కూడా భయం భయంగానే ఉండేది. అందుకని పైసలు ముట్టకుండా వస్తువులు పోగుచేసేవాళ్లం. ఒక్కొక్కరు ఒక్కొక్కటి. ఒకామె సబ్బులు, ఒకామె పేస్టు, ఒకామె తువ్వాళ్లు, ఒకామె కొబ్బరినూనె. నూట యాభై సంచులు నింపడానికి ఒక రాత్రి పట్టేది.

సోనాపూర్ అని దుబాయిలో క్యాంపుల బస్తీ. పేరుకు బంగారు ఊరు. ఒక శుక్రవారం అక్కడ సంచులు పంచుతుంటే వరుసలో నిలబడ్డ ఒక మనిషి నా మాట విని ఆగాడు. "అక్కా, మీది కోరుట్ల దిక్కా?" అన్నాడు. అవునన్నాను. ఎట్లా తెలిసిందంటే "మీరు 'ఇగో తీస్కో' అంటే మా అవ్వ అన్నట్టే ఉన్నది" అన్నాడు. వాళ్ల ఊరు మాకు పది కిలోమీటర్లు. నాలుగేళ్లయిందట వచ్చి. ఏజెంటు అప్పు తీరలేదని పోలేదట. సంచి తీసుకున్నాడు గానీ కదలలేదు. "ఊరికి పోతే మా ఇంటికి ఒక్కపాలి పోయి రాండ్రి అక్కా. నేను మంచిగనే ఉన్ననని చెప్పుండ్రి. ఫోన్ల చెప్తే నమ్ముతలేదు" అన్నాడు.

ఆ ఎండాకాలం ఊరికి వచ్చినప్పుడు పోయాను. గల్మలోనే కూర్చొని ఉన్నది ఆయన భార్య. తడిపిన తునికాకు పక్కన గోనెసంచి కింద, ఒళ్లో చాట, చాటలో తంబాకు, కత్తెర. నేను చెబుతూ ఉన్నాను, ఆమె చేతులు ఆగలేదు. ఆకు కత్తిరించడం, తంబాకు పోయడం, చుట్టడం, దారం కట్టడం, గోటితో మూతి ముడవడం. ఒక బీడీ అయ్యేలోపు నేను ఒక మాట పూర్తి చేయలేకపోయేదాన్ని. ఆయన మంచిగున్నాడని, సన్నబడలేదని, నవ్వాడని చెప్పాను. అన్నీ విని ఒకే ఒక్కటి అడిగింది.

"ఆయిన ఏ దిక్కు పంటడు అక్కా? కింది మంచమా, మీది మంచమా?"

నాకు తెలియదు. నాలుగుసార్లు పోయాను ఆ క్యాంపుకు. సంచులన్నీ గేటు దగ్గరే పంచాం, గేటు దగ్గరే ఫొటో దిగాం. ఒక్క రూము తలుపు లోపల కూడా చూడలేదు. ఆమె అంది, "పిల్లగాడు రోజు అడుగుతడు, నాయిన యాడ పంటడే అని. నాకు కండ్ల మూస్తె కానస్తలేదు. ఇల్లు కానస్తె పాణం నిమ్మలముంటది."

ఆ ప్రశ్న నన్ను తిరిగి దుబాయి దాకా వెంబడించింది. మా సంఘం చేసేది మంచిపనే, కాదనను. సబ్బు అవసరమే, తువ్వాల అవసరమే. కానీ అది సగం మనిషికి చేసే సాయం. ఆ మనిషి రెండో సగం ఇక్కడ గల్మలో కూర్చొని ఉంది. ఆమెను అడగకుండా, ఆమె పేరు తెలియకుండా ఎన్ని సంచులు పంచినా పని పూర్తి కాదు.

నేను మా వాళ్ల ముందర ఈ మాట పెట్టాను. కొందరికి నచ్చలేదు. "మనం చేసేది చాలదా" అన్నారు. నచ్చిన తొమ్మిది మందిమి ఒక నోటుబుక్కు పెట్టాం. క్యాంపుకు పోతే రూములోకి పోవడం, కూర్చోవడం, మనిషి పేరు, ఊరు, ఇంటిదాని పేరు, ఇంటి దగ్గరి నంబరు రాసుకోవడం. పాస్‌పోర్టు ఎవరి దగ్గర ఉంది, కంపెనీ వీసానా, విజిట్ వీసా మీద వచ్చాడా, కంపెనీ విడిచి కాగితాలు లేని ఖల్లివెల్లి అయ్యాడా, అది కూడా. సెలవుకు వచ్చిన వాళ్లు ఎవరి వంతు ఊళ్లు వాళ్లు తిరిగి ఇళ్లకు పోయి కూర్చోవడం.

ఆ నోటుబుక్కు విలువ ఒక చావుతో తెలిసింది. పనిలో పడిపోయి ఒక తమ్ముడు పోయాడు. అక్కడ చనిపోయిన మనిషి ఇంటికి రావాలంటే ఎన్ని కాగితాలో వినండి, ఎందుకంటే ఇది మీకు తెలిసి ఉండాలి. ఆసుపత్రి ధ్రువపత్రం, పోలీసు అనుమతి, వీసా రద్దు, మన కాన్సులేట్‌లో పాస్‌పోర్టు రద్దు చేసి ఇచ్చే అనుమతి, శవం చెడిపోకుండా ఎంబామింగ్ చేసినట్టు పత్రం. వీటన్నిటి నడుమ ఇంటివాళ్ల అంగీకారపత్రం ఒకటి. అది ఇక్కడి నుంచి పోవాలి. ఆ కాగితం కోసం ఇంటి అడ్రసు, వారసురాలి ఆధార్ దొరకక వారాలు గడిచిన చావులు ఉన్నాయి. మాకు ఆ ఇంటి నంబరు నోటుబుక్కులో ఉంది. మాలో ఒకామె ఆ ఇంటికి అంతకు ముందే పోయి వచ్చింది. ఆ తమ్ముడి భార్యకు కబురు ఎవరో తెలియని గొంతు చెప్పలేదు. తనింట్లో కూర్చొని చాయ్ తాగిన మనిషి చెప్పింది. అంతకు మించి ఆ ఘడియలో ఎవరైనా చేయగలిగింది ఏముంది?

వినే అక్కలు ఇంకొన్ని గుర్తుపెట్టుకోండి. శంషాబాద్ నుంచి ఊరి దాకా శవాన్ని తేవడానికి రాష్ట్ర సర్కారు అంబులెన్సు ఉచితం. ఎమిగ్రేషన్ అనుమతితో పోయిన మనిషికి ప్రవాసీ భారతీయ బీమా యోజన ఉంటుంది. రెండేళ్లకు 275 రూపాయలు, మూడేళ్లకు 375 రూపాయలు కడితే, ప్రమాదంలో చనిపోతే పది లక్షలు వస్తాయి. విజిట్ వీసా మీద పోయినవాడికి ఈ బీమా ఉండదు. ఏజెంటు "ముందు పోనీ, ఆడికి పోయినంక వీసా మార్పిస్త" అంటే ఈ పది లక్షల సంగతి అడగండి. గల్ఫులో చనిపోయిన వాళ్ల కుటుంబానికి ఐదు లక్షలు ఇస్తామని తెలంగాణ సర్కారు 2024లో ఉత్తర్వు ఇచ్చింది. అదే ఏడు సెప్టెంబరులో హైదరాబాదు ప్రజాభవన్‌లో ప్రవాసీ ప్రజావాణి మొదలైంది. అర్జీ పట్టుకొని ఆడవాళ్లే పోతున్నారు అక్కడికి.

సిరిసిల్ల వాళ్లకు ఇంకొక సంగతి యాదికి ఉంటుంది. ఆ ప్రాంతం నుంచి పోయిన కార్మికులు కొందరు ఒక నేపాలీ కాపలాదారు హత్య కేసులో దుబాయి జైలులో ఇంచుమించు పద్దెనిమిదేళ్లు ఉండి, 2024 ఫిబ్రవరిలో ఇంటికి చేరారు. అక్కడి కానూను ప్రకారం చనిపోయిన మనిషి ఇంటివాళ్లు క్షమిస్తేనే దారి. సిరిసిల్ల ఎమ్మెల్యే కె. తారకరామారావు నేపాల్ పోయి, ఆ ఇంటికి 15 లక్షల రూపాయలు ఇచ్చి, క్షమాభిక్ష పత్రం తెచ్చాడు. ఆ పత్రం మీద చేవ్రాలు పెట్టింది భర్తను పోగొట్టుకున్న ఒక ఆడమనిషి. నేపాల్ కొండల్లో ఒకామె, సిరిసిల్ల ఊళ్లలో వీళ్లు, ఒకరి ముఖం ఒకరు చూడలేదు. రెండు దిక్కులా ఇంటి మొగోడు వలస పోయినవాడే. ఆమె చేవ్రాలు చేసిన నాడు ఆమె పక్కన కూర్చునే సంఘం ఏదైనా ఉందా అని నేను చాలాసార్లు అనుకుంటాను.

2017లో మేం తిరిగొచ్చాం. ఇప్పుడు నేను మా ఊళ్లోనే ఉంటున్నాను. మధ్యాహ్నాలు బీడీల అరుగు మీద కూర్చుంటాను. నాకు చుట్టడం రాదు, దారం కత్తిరించి ఇస్తాను. ఈ అరుగు మీద ఉన్నది సంఘం కాక మరేమిటి? ఎవరి ఇంట్లో ఫోను రాక వారం దాటితే వాళ్లింటికి ఇద్దరు పోతారు. ఎవరికైనా జ్వరమొస్తే వాళ్ల వంతు ఆకు పంచుకొని తలా నాలుగు కట్టలు చుట్టి, కార్ఖానాలో ఆమె పేరు మీదే లెక్క రాయిస్తారు, పీఎఫ్ తెగిపోకుండా. దీనికి అధ్యక్షురాలు లేదు, రసీదు పుస్తకం లేదు. నేను చేసిందల్లా ఈ అరుగుకు, అక్కడి ఆ తొమ్మిది మందికి నడుమ ఒక ఫోను కలపడం. ఇప్పుడు నోటుబుక్కులు రెండు. అక్కడ రాసిన పేరు ఇక్కడ ఉంటుంది, ఇక్కడ వచ్చిన కష్టం ఆ రోజు మాపటికి అక్కడ తెలుస్తుంది. అక్కడివాళ్లు నిర్ణయం చేసే ముందు ఇక్కడివాళ్లను అడగడం మొదలుపెట్టారు. పోయిన రంజాన్‌కు సంచుల్లో ఏం పెట్టాలంటే, అరుగు మీది వాళ్లు సబ్బులు వద్దన్నారు. కాళ్ల పగుళ్లకు మలాం, కంటి చుక్కలు, పచ్చడి అన్నారు. అవే పోయాయి.

ఆ మంచం ప్రశ్న అడిగిన చెల్లె కూడా ఈ అరుగు మీదికే వస్తుంది, వాళ్ల అక్కది మా ఊరే. ఆమె ప్రశ్నకు జవాబు నేను ఆ ఏడే చెప్పాను. మీది మంచం, కిటికీ దిక్కు తల. మొన్న బతుకమ్మ ముందర మా వాడకట్టు పిల్లగాడు ఒకడు దుబాయి పోతుంటే, అందరం గునుగు ఆరబెట్టి కట్టలు కట్టాం. ఆమె రెండు కట్టలు పేపరులో చుట్టి, బీడీ దారంతో ముడివేసి పిల్లగాడి చేతికి ఇచ్చింది.

"ఇది అక్కల బతుకమ్మకు" అన్నది. రెండోది కాసేపు చేతిలోనే పట్టుకొని, "ఇది ఆయినకు. కిటికి ఊచకు కట్టుకొమ్మను" అన్నది.